పది నిమిషాల నడక

ఊళ్ళో ఎవరికి ఏ రైలు కావాలన్నా ఎంక్వైరమ్మనే అడగాలి. ఆవిడ మాత్రం రైలెక్కి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా, ఇదీ అంతే.

స్టేషన్లో టికెట్ల కిటికీల వరస దాటాక, మూలకి ఉంటుంది ఆవిడ ఎంక్వైరీ కిటికీ. ఒక అద్దం, అద్దంలో చెయ్యి పట్టేంత గుండ్రటి కంత. కొందరు ఆ కంత దగ్గర నోరు పెట్టి మాట్లాడతారు, కొందరు చెవి పెట్టి వింటారు, మరీ ఆత్రగాళ్ళు రెండూ ఒకేసారి పెట్టబోయి అద్దానికి ముక్కు గుద్దుకుంటారు. ఎవరేం అడిగినా ఆవిడ టైంటేబుల్ వంక చూడకుండానే చెప్పేస్తుంది. చెప్పి ఊరుకోదు. పాత నోటీసులని అరచేయంత ముక్కలుగా కత్తిరించి పెట్టుకున్న దొంతిలోంచి ఒకటి తీసి, ఏ ప్లాట్‌ఫారం, ఎక్కడ మారాలి, దిగాక ఎంత నడక, అన్నీ పెన్సిల్‌తో ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసి కంతలోంచి అవతలికి తోస్తుంది. చీటీ ఇస్తుంది గానీ పెన్సిల్ మాత్రం ఎవరికీ ఇవ్వదు. "ఒక్క సంతకానికి ఇవ్వండమ్మా" అని బతిమాలినా "పక్క కిటికీలో అడగండి" అంటుంది. ఇచ్చిన పెన్సిల్ రైలెక్కి పోతుందని ఆవిడ అనుభవం.

ఆ బుధవారం పొద్దుటి రద్దీ తగ్గాక, మోచేతికి గొడుగు తగిలించుకున్న పెద్దాయన ఒకాయన వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన చీటీ తీసి, విప్పి, కంతలోంచి లోపలికి తోశాడు. చీటీ బయటినుంచి లోపలికి రావడం ఈ ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

చీటీ ఆవిడ రాసిందే. "మోటారు మ్యూజియం. 7.10 పాసింజరు. జంక్షన్‌లో మారాలి, 8.40, మూడో ప్లాట్‌ఫారం. హాల్ట్‌లో దిగాలి. అక్కడినుంచి నడక 10 ని."

"మొన్న ఆదివారం మా ఆవిణ్ణి తీసుకుని వెళ్ళానమ్మా," అన్నాడు గొడుగాయన. "రైళ్ళన్నీ మీరు రాసినట్టే వచ్చాయి, కాదనను. ఆ చివరి మాట ఉంది చూశారూ, పది నిమిషాలు, అది పది కాదు. యాభై. గడియారం చూసుకుంటూ నడిచాను."

"యాభయ్యా?"

"యాభై రెండు. దారిలో కూర్చున్నది లెక్కే వెయ్యలేదు, మా ఆవిడ చెప్పులో ఇసక దులుపుకున్న రెండు నిమిషాలూ తీసేశాను."

ఆయన గొంతు పెంచలేదు. అరిచినవాళ్ళకి సర్దిచెప్పడం ఎంక్వైరమ్మకి వెన్నతో పెట్టిన విద్య, అరవనివాళ్ళతోనే ఆవిడకి ఏం చెయ్యాలో పాలుపోదు.

"ఫిర్యాదు పుస్తకంలో రాసే వచ్చాను," అన్నాడు ఆయన. "మొహం చూసి చెప్పకుండా రాసిపోతే చాటుమాటు వ్యవహారంలా ఉంటుందని ఇలా ఆగాను. వస్తానమ్మా."

ఆయన అటు వెళ్ళగానే ఆవిడ సొరుగులోంచి లావుపాటి చేతిరాత పుస్తకం తీసింది. ఈ కుర్చీలో తనకంటే ముందు కూర్చున్న పాత గుమాస్తా రాసి, తనకి అప్పగించి వెళ్ళిన పుస్తకం. ఏ స్టేషన్లో దిగితే ఏం చూడొచ్చో, ఎంత దూరమో అన్నీ అందులో ఉంటాయి. మోటారు మ్యూజియం దగ్గర వేలు పెట్టి చూసింది. పది నిమిషాలనే ఉంది. హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్య మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు పిలిచి ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టాడు. "ఇలాంటివి వస్తూనే ఉంటాయండీ, దీనికి ఫారం ఉంది. సంతకం పెట్టెయ్యండి, సోమవారం పైకి పంపాలి."

ఆవిడ చదివింది. "సదరు ప్రయాణికుడు సూచనలు సరిగా విననందువల్ల / దారి తప్పినందువల్ల అసౌకర్యం కలిగినట్లు విచారణలో తేలినది."

"రెండింట్లో ఒకటి కొట్టెయ్యాలి," అన్నాడు సూపర్‌వైజరు. "ఏది కొట్టేసినా ఫరవాలేదు."

"ఆయన వినలేదనడానికి లేదు సార్. చీటీ జేబులోనే పెట్టుకుని వెళ్ళారు."

"అయితే దారి తప్పాడు."

"దారి తప్పితే మ్యూజియం ఎలా చేరతాడు సార్?"

సూపర్‌వైజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమ్మా, ఎనిమిదేళ్ళ నుంచి జనాన్ని అక్కడికి పంపుతున్నారు కదా. మీరెప్పుడైనా వెళ్ళారా?"

ఎంక్వైరమ్మ ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు తిరిగి ఎంక్వైరీకి వచ్చి మీరు చెప్పింది నిజమే సుమా అని చెప్పరు. వెళ్ళేటప్పుడే ఎంక్వైరీ కావాలి, వచ్చాక ఎవరికి కావాలి? అలా ఎవరూ రాకపోవడాన్నే ఇన్నాళ్ళూ తన మాట నిజమనడానికి సాక్ష్యం అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ ఫారం మీద సంతకం పెడితే, మొహం చూసి చెప్పిపోయిన మనిషి కాగితాల మీద చెవిటివాడో, దారి తెలియనివాడో అయి కూర్చుంటాడు. పెట్టకపోతే ఎనిమిదేళ్ళ తన మాట నీళ్ళపాలవుతుంది. ఆవిడకి రెండూ కష్టంగానే ఉన్నాయి. ఫారం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"సోమవారం ఇస్తాను సార్," అంది.

ఆ రోజు భోజనాల దగ్గర, "ఆదివారం మోటారు మ్యూజియానికి వెళ్దాం మామయ్యా" అంది, మంచినీళ్ళు అందించినంత మామూలుగా.

మామగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్ళు మోటార్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేసిన మెకానిక్ ఆయన. ఇప్పుడు మోకాలు పట్టేసి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వీధిలో పోయే బండ్లని కళ్ళతో చూడడు, చెవులతో వింటాడు. "ఆ తెల్లబండికి క్లచ్చు పోతోంది" అంటాడు తల తిప్పకుండానే. బండి తెల్లదని ఎలా తెలిసిందో మాత్రం చెప్పడు. మ్యూజియానికి తీసుకెళ్ళమని కోడల్ని ఏడేళ్ళుగా అడుగుతున్నాడు. కోడలు కూడా ఏడేళ్ళుగా "వచ్చే ఆదివారం మామయ్యా, పది నిమిషాల నడకే, మీ మోకాలికి లెక్కలోది కాదు" అంటూనే ఉంది.

"అయితే ఆ వచ్చే ఆదివారం ఇన్నాళ్ళకి వచ్చిందన్నమాట," అంది అత్తగారు. "ఎక్కడో లైన్ క్లియర్ దొరక్క ఆగిపోయింది కాబోలు, పాపం."

"నేను రాలేను," అన్నాడు ఎంక్వైరమ్మ భర్త. బేకరీలో పొయ్యి దగ్గర పని అతనిది, ఆదివారమే ఎక్కువ. "రొట్టె మాత్రం నాది. శనివారం చివరి వాయిది తెస్తాను."

ఫిర్యాదు సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబుదామనుకుంది, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ వీధిలో ఆవిడ మాటంటే రాతి మీద గీత. గోడ గడియారం ఆగిపోయినా, "ఎంక్వైరమ్మ బయల్దేరింది, ఎనిమిదింపావు" అని ముల్లు సరిచేసుకునే ఇళ్ళున్నాయి. అలాంటి మాట తప్పని తన నోటితో తనే ఎలా చెప్పుకుంటుంది?

భోజనాలయ్యాక ఒక పెద్ద కాగితం తీసి ప్లాను వెయ్యడం మొదలుపెట్టింది. 6.20 ఇంటికి తాళం. 6.45 స్టేషన్. 7.10 పాసింజరు. 8.25 జంక్షన్, మూడో ప్లాట్‌ఫారానికి మారడానికి పదిహేను నిమిషాలు, హాయిగా మారొచ్చు. 9.20 హాల్ట్. 12.10 నుంచి 12.30 మామయ్య విశ్రాంతి. 9.20 పక్కన మాత్రం పెన్సిల్ ఆగింది. చివరికి "నడక" అని రాసి, నిమిషాలు రాయకుండా ఖాళీ వదిలేసింది.

గురువారం సాయంత్రం ఆవిడ ఇంటికి వచ్చేసరికి వీధి మలుపులో పోస్టు డబ్బా దగ్గర మామగారు చేతికర్ర ఊతంతో నిలబడి ఆయాసపడుతున్నాడు. చేతిలో ఇంట్లోని అలారం గడియారం ఉంది.

"ఇంటి నుంచి ఇక్కడికి అయిదు, తిరిగి అయిదు," అన్నాడు సంబరంగా. "మొత్తం పది. ఇవాళ రెండు చోట్ల ఆగాను. రేపు ఒక్క చోటే. ఆదివారానికి నీ మ్యూజియం నడక నాకు నల్లేరు మీద బండి నడకే చూడు."

ఎంక్వైరమ్మ గడియారం ఆయన చేతిలోంచి తీసుకుంది. ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొస్తూ మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లూ మూసేసింది. శుక్రవారం ఆయన ఒక్కచోటే ఆగాడు. శనివారం చేతికర్ర గోడకి ఆనించి వెళ్ళాడు. వెనకే వెళ్ళిన అత్తగారు "పెళ్ళినాడు కూడా ఇంత హుషారుగా నడవలేదు ఈయన" అని వీధంతా టముకు వేసింది. పక్కింటివాళ్ళు అరుగు మీదికి వచ్చి చప్పట్లు కొట్టారు. అందరితోపాటు ఎంక్వైరమ్మ కూడా కొట్టింది, కొట్టకపోతే బాగుండదు కదా.

ఆ సాయంత్రం అత్తగారు సంచి సర్దింది. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, నీళ్ళ సీసాలు మూడు, దుప్పటి, టార్చిలైటు, మోకాలి తైలం. యుద్ధానికి వెళ్ళేవాళ్ళు కూడా అంత సామాను పట్టుకెళ్ళరు. అన్నీ అయ్యాక కోడలు గుట్టుగా ఒక మడత స్టూలు తెచ్చి సంచి పక్కన పెట్టింది.

"పది నిమిషాల నడకకి స్టూలెందుకమ్మాయ్?"

"దారిలో ఎక్కడైనా కూర్చోవాలనిపిస్తే..."

అత్తగారు కోడలి మొహం వంక ఒక్క క్షణం చూసింది. దుప్పటి తీసేసి, ఇంకో సీసా నీళ్ళు పెట్టింది.

ఆదివారం స్టేషన్‌కి రాగానే ఎంక్వైరమ్మ కాళ్ళు అలవాటుగా ఆవిడ గది వైపు తిరిగాయి. "అటెక్కడికే, రైలు ఇటు," అని అత్తగారు కొంగు పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఆవిడ కిటికీలో ఆదివారం డ్యూటీ గుమాస్తా కూర్చుని ఉన్నాడు. అద్దం ఇవతలి నుంచి చూస్తే తన గది ఇంత చిన్నదా అనిపించింది ఆవిడకి.

రైలు కదలగానే మామగారు కిటికీలోంచి మెడ చాచాడు. "ఇంజను ఎక్కడో ముందుంటుంది, దాని మాట మనకి వినిపించదు. ఇదేం ప్రయాణం, ఎవరు లాగుతున్నారో తెలియకుండా," అని విసుక్కుంటూనే, ప్రతి వంతెన మీదా పసివాడిలా కిందకి వంగి చూశాడు. అత్తగారు అప్పుడే గుడ్లు ఒలవడం మొదలుపెట్టింది. ఎదుటి సీట్లోవాళ్ళకి కూడా పెట్టింది. ఎంక్వైరమ్మకి ఒక్కో స్టేషన్ వస్తుంటే సంబరం పట్టలేకపోయింది. వేలసార్లు నోటితో పలికిన పేర్లు, ఇప్పుడు చెట్లతో, బెంచీలతో, పంపు దగ్గర నీళ్ళు తాగుతున్న మనుషులతో ఎదురొస్తున్నాయి. ఒక స్టేషన్లో గోడ మీద పిల్లి కూర్చుని ఉంది. ఇన్నేళ్ళుగా ఆ స్టేషన్ పేరు చెబుతోంది, అక్కడ ఒక పిల్లి ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

జంక్షన్‌లో దిగాక పదిహేను నిమిషాలంటే ఏమిటో తెలిసొచ్చింది. నలభై రెండు మెట్లు పైకి, నలభై రెండు కిందికి, మధ్యలో ఎదురొచ్చే జనం, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో మామగారు, వెనక నుంచి "నెమ్మదే, నెమ్మది" అంటూ అత్తగారు. గార్డు ఈల వేస్తుండగా ముగ్గురూ పెట్టెలో పడ్డారు.

"హాయిగా మారొచ్చని రాశావే కాగితం మీద!" అంది అత్తగారు ఎగశ్వాసతో. "ఆ హాయి ఏ మెట్టు దగ్గర వస్తుందో నేను చూడలేదు."

కోడలికి నవ్వాగలేదు. నవ్వుతూనే, రోజుకి ఎంతమందికి ఆ 'హాయిగా' రాసి ఇచ్చానో అనుకుంది. ఆ తర్వాత నవ్వు ఆగింది.

హాల్ట్ అంటే ఒక బెంచీ, ఒక బోర్డు, అంతే. కాలవ గట్టు వెంబడి మట్టి రోడ్డు తిన్నగా పోతోంది. రెండు పక్కలా పచ్చటి పొలాలు, పైన తేలికపాటి ఎండ. మామగారు అలారం గడియారం సంచిలోంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతికర్ర భార్య చేతికిచ్చి, ఛాతీ విరుచుకుని బయల్దేరాడు.

సరిగ్గా పది నిమిషాలకి ఆగాడు. ముందు చూశాడు, రోడ్డూ కాలవా. వెనక్కి చూశాడు, అవే.

"అమ్మా, పది అయింది. మ్యూజియం ఏదీ?"

ఎంక్వైరమ్మ సంచి కింద పెట్టింది. స్టూలు విప్పి ఆయన్ని కూర్చోబెట్టింది. తర్వాత ఇంక దాచడం చేతకాక అన్నీ చెప్పేసింది. గొడుగాయన, చీటీ, ఫారం, సోమవారం, అన్నీ. "యాభై నిమిషాలంటున్నారు మామయ్యా. నాకు బుధవారమే తెలుసు. మీరు గడియారం పట్టుకుని నడుస్తుంటే చూస్తూ కూడా చెప్పలేకపోయాను. తిరిగి వెళ్ళిపోదామంటే వెళ్ళిపోదాం."

మామగారు మోకాలి మీద చేతులు పెట్టుకుని కాలవ వైపు తిరిగాడు. ఆయనకి కోపమొచ్చిందనే అనుకుంది ఆవిడ.

"బుధవారం చెప్పుంటే నేను రానని మొరాయించేవాణ్ణి," అన్నాడు ఆయన. "ఏడేళ్ళ ముచ్చట వరండాలోనే ఉండిపోయేది. కాబట్టి ఈసారికి క్షమించాను. ఇంకెప్పుడూ ఇలా దాచకు తల్లీ. బండిలో చప్పుడు దాస్తే బండే ఆగిపోతుంది." అని, చెవి వెనక గోక్కుని, మెకానిక్ గొంతుతో అడిగాడు, "ఇంతకీ పుస్తకంలో నడక అని ఉందా?"

ఆవిడ కళ్ళు మూసుకుని ఆ పేజీ గుర్తు తెచ్చుకుంది. పాత గుమాస్తా వాలు అక్షరాలు. హాల్ట్ నుంచి పది నిమిషాలు. నడక అన్న మాట అందులో లేదు. రైలు దిగినవాళ్ళు ఎవరైనా నడుస్తారు కదా అని ఆ మాట తనే చేర్చింది. ఎనిమిదేళ్ళ కింద, మొదటి చీటీలోనే.

"లేదు," అంది నీరసంగా.

"అదీ సంగతి. నడిచి యాభై అంటే నాలుగు కిలోమీటర్లు. పది నిమిషాల్లో నాలుగు కిలోమీటర్లంటే గంటకి పాతిక. ఆ గుమాస్తా మోటారులో వెళ్ళాడమ్మా! అదీ పాత మోటారులో, గతుకుల రోడ్డు మీద." లెక్క తేలిన సంతోషంలో ఆయన లేచి నిలబడ్డాడు. "కర్ర ఇటివ్వవే. పద, చూద్దాం, మిగతా నలభై ఎక్కడుందో."

పది నిమిషాలు నడక, పది నిమిషాలు స్టూలు, అలా సాగారు. గంట గడిచేసరికి కాలవ మీద చిన్న వంతెన వచ్చింది. వంతెన పక్కన రేకుల నీడ, పొయ్యి మీద కెటిలు, నీడలో కుర్చీలు. ఒక్క కుర్చీకీ ఇంకో కుర్చీకీ పోలిక లేదు. బడి కుర్చీ ఒకటి, చెయ్యి విరిగిన పేము కుర్చీ, మంగలి షాపులో తిరిగే కుర్చీ, ఎక్కడిదో బస్సు సీటు. పొయ్యి దగ్గర్నుంచి ఒక పెద్దావిడ చెయ్యి ఊపింది.

"రండి రండి! పది నిమిషాలవాళ్ళేనా?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"అంతా అలాగే తెల్లమొహాలేసుకుని వస్తార్లెండి," అంది టీ ఆవిడ, మామగారిని బస్సు సీటు మీద కూర్చోబెడుతూ. "పట్నం స్టేషన్లో ఎవరో మహాతల్లి పది నిమిషాలే అని చీటీ రాసిస్తుందట. పాపం నమ్మి దిగుతారు. ఇక్కడికొచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. మొదట్లో మంచినీళ్ళిచ్చేదాన్ని. తర్వాత టీ పెట్టాను. తర్వాత మా ఊళ్ళోవాళ్ళు ఈ కుర్చీలు ఒక్కోటీ తెచ్చిపడేశారు. ఆరేళ్ళయింది. ఇంట్లో ఒక్కదాన్నీ గోడలతో మాట్లాడుకునేదాన్ని, ఇప్పుడు ఆదివారం వస్తే నోరు నొప్పెడుతుంది. ఆ చీటీల తల్లి ఎవరో గానీ, చల్లగా ఉండాలి!"

అత్తగారికి అప్పటికే నవ్వుతో పొట్ట ఎగిరెగిరి పడుతోంది. "ఆ మహాతల్లి మా కోడలే!" అని అరిచింది. "ఇదిగో, ఈవిడే! కళ్ళారా చూసుకోండి!"

టీ ఆవిడ గరిటె పట్టుకునే వచ్చి ఎంక్వైరమ్మని ఎగాదిగా చూసింది. అప్పుడు ఆవిడ మొహంలో సంతోషం, దాని వెనకే భయం కనిపించాయి. "సరిచేయడానికి వచ్చారా అమ్మా?" అని అడిగింది. "యాభై అని రాస్తే ఇంకెవరు నడుస్తారు?"

ఎంక్వైరమ్మ టీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, "ఒకాయన చాలా కష్టపడ్డారండీ. గొడుగు పట్టుకుని..." అంది.

"గొడుగాయనా? మొన్న వచ్చిందాయనేగా! అడుగడుక్కీ గడియారం చూసుకుంటూ, మండిపడుతూ వచ్చాడు. వాళ్ళావిడ మాత్రం ఆ మంగలి కుర్చీలో కూర్చుని గిర్రున తిరిగి ఒకటే నవ్వు. ఈయన నాతో ఏకబిగిన ఇంతసేపు నడవడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి, తిట్టడానికైనా నాతోనే మాట్లాడాడు, అంది. చెప్పులో ఇసక కూడా లేదట. ఇంకాసేపు ఆపుదామని దులిపిందట."

ఎంక్వైరమ్మ ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. బుధవారం నుంచి గుండెల మీద ఉన్న బరువు సగం అక్కడే దిగిపోయింది. మామగారు రెండో గ్లాసు అడిగాడు.

మ్యూజియం చేరేసరికి పన్నెండు కావస్తోంది. పొడవాటి రేకుల షెడ్డు, అందులో వరసగా నిగనిగలాడే పాత మోటార్లు. మామగారు గుమ్మంలోనే ఆగిపోయి గట్టిగా గాలి పీల్చాడు. ఆయిలూ, రబ్బరూ, పాత తోలూ కలిసిన వాసన. "చాలు, ఇంక వెనక్కి తీసుకెళ్ళినా ఫరవాలేదు" అన్నాడు. నిజానికి ఆయన్ని అక్కణ్ణుంచి కదపడం ఎవరి తరమూ కాదు.

పన్నెండింటికి మ్యూజియం చూసుకునే ఆయన పై కప్పు లేని ఒక నల్లటి పొడుగు బండిని ముంగిట్లోకి తోయించి స్టార్టు చేశాడు. ప్రతి ఆదివారం ఒక బండి మాట్లాడుతుందట. చుట్టూ చేరిన పది పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు. మామగారు కొట్టలేదు. తల పక్కకి వాల్చాడు.

"నాలుగు సిలిండర్లలో ఒకటి పలకట్లేదు," అన్నాడు.

మ్యూజియం ఆయన మొహం చిన్నబోయింది. "నెల రోజుల నుంచీ అంతేనండీ. ఎవరికీ అంతుపట్టట్లేదు."

"ఆపండి. మూత ఎత్తండి." గొంతులో ఇరవై ఏళ్ళు తగ్గిపోయాయి. ఆ బండికి ఒక్కో సిలిండరుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిలు ఒక్కోటి, లోపల ఒక్కోదానికి విడివిడిగా చిన్న మీట. ఆయన ఒక్కోదాన్నీ వేలితో తాకుతూ వెళ్ళి మూడోదాని దగ్గర ఆగాడు. "మసి పట్టింది. అమ్మా, శుభ్రమైన కాగితం ముక్క ఇవ్వు."

ఎంక్వైరమ్మ సంచిలో దొరికింది ప్లాను కాగితం ఒక్కటే. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అంచు చించి ఇచ్చింది. "12.10 నుంచి 12.30 మామయ్య విశ్రాంతి" అన్న ముక్క అది. సరిగ్గా 12.10కి ఆయన ఆ ముక్కని మీట సందులో పెట్టి, మెల్లగా ఇటూ అటూ లాగాడు. కాగితం నల్లబడింది. ఇంకోసారి లాగాడు. "ఇప్పుడు తిప్పండి."

బండి పలికింది. నాలుగూ పలికాయి. జనం చప్పట్లు కొడుతుంటే మామగారు నల్లబడ్డ వేళ్ళని పైకెత్తి చూపిస్తూ నిలబడ్డాడు. అత్తగారు మోకాలి తైలం సీసా చేతిలో పట్టుకుని, "మోకాలి సంగతి మర్చిపోయినట్టున్నాడు, గుర్తు చెయ్యకు" అని కోడలి చెవిలో చెప్పింది.

మధ్యాహ్నం రొట్టె తిన్నాక గోడ మీది ఫొటోలు చూస్తూ ఎంక్వైరమ్మ ఒకచోట నిలబడిపోయింది. ప్రారంభోత్సవం నాటి ఫొటో. అదే నల్లబండి, వెనక సీట్లో ఒళ్ళో టోపీ పెట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్న మనిషి. పాత గుమాస్తా.

"స్టేషన్లవాళ్ళని కూడా పిలిచామప్పుడు," అన్నాడు మ్యూజియం ఆయన. "హాల్ట్ నుంచి ఈ బండిలోనే తీసుకొచ్చాం."

"గంటకి పాతిక పోతుందా ఇది?" అన్నాడు మామగారు.

"సరిగ్గా పాతికేనండీ, ఈ రోడ్డు మీద. మీకు అనుమానమైతే ఎక్కండి. నా బండికి మాట తెప్పించారు, మిమ్మల్ని నడిపించి పంపుతానా?"

తిరుగు ప్రయాణం అలా నల్లబండిలో సాగింది. మామగారు ముందు సీట్లో, ఇంజను మాట వింటూ. అత్తగారు వెనక సీట్లో రాణీగారిలా, ఎవరూ లేని పొలాలకి కూడా చెయ్యి ఊపుతూ. ఎంక్వైరమ్మ ఒళ్ళో అలారం గడియారం. వంతెన దగ్గర మ్యూజియం ఆయన్ని బతిమాలి ఆపించి, టీ ఆవిడని కూడా ఎక్కించుకుని ఒక చక్కరు కొట్టించి దింపారు. ఆరేళ్ళుగా తన ముందునుంచి పోయే బండి ఎక్కడం ఆవిడకి అదే మొదటిసారి. హాల్ట్‌లో దిగాక ఎంక్వైరమ్మ గడియారం చూసింది. వంతెన దగ్గరి నిమిషాలు తీసేస్తే, సరిగ్గా పది.

సోమవారం పొద్దున్నే ఆవిడ ఫారం తీసి, విననందువల్ల అన్నదీ, దారి తప్పినందువల్ల అన్నదీ, రెండూ కొట్టేసింది. కింద రాసింది: "ప్రయాణికుడు చెప్పింది నిజం. నడక యాభై నిమిషాలు. పొరపాటు నాది. నిన్న నేనే నడిచి చూశాను."

"రెండూ కొట్టేస్తే ఎలాగండీ?" అన్నాడు సూపర్‌వైజరు కంగారుగా. "దీనికి ఫారం లేదు."

"అందుకే చేత్తో రాశాను సార్."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మ్యూజియం బాగుందా?" అని అడిగి, సమాధానం వినకముందే ముద్ర వేసి పైకి పంపే ట్రేలో పెట్టాడు.

కిటికీలో కూర్చున్నాక ఆవిడ లావు పుస్తకం తెరిచి, పాత గుమాస్తా వాక్యం కింద తన వాక్యం రాసింది. "మోటారులో. నడిస్తే యాభై. సగం దారిలో వంతెన దగ్గర టీ, కుర్చీలు ఉన్నాయి. నడవడమే మంచిది." జంక్షన్ పేజీ కూడా తీసి, 'హాయిగా' కొట్టేసి, 'మెట్లు 42' అని చేర్చింది. పది గంటల లోపల మ్యూజియం గురించి అడిగిన కుటుంబానికి ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. "తిరిగే కుర్చీ కూడా ఉందా?" అని ఇంటాయన అడిగాడు. చీటీ తీసుకుని వెళ్ళారు. ఎంక్వైరమ్మకి టీ ఆవిడ గుర్తొచ్చి మనసు నిమ్మళించింది.

పదకొండింటికి కిటికీ ముందుకి ఒక పెద్దావిడ వచ్చింది. అటూ ఇటూ చూసి, కంత దగ్గరికి వంగింది.

"మొన్న మా ఆయన మీ మీద ఫిర్యాదు రాశారమ్మా, గొడుగాయన," అంది గుసగుసగా.

ఎంక్వైరమ్మ లేచి నిలబడింది. "తప్పు నాదేనండీ. యాభైయే. నేను నిన్న..."

"అది కాదమ్మా. అలాంటి పది నిమిషాల చోటు ఇంకోటేమైనా ఉందా?"

ఎంక్వైరమ్మ ఆవిడ కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు నవ్వుతున్నాయి. పుస్తకం తెరిచి పేజీలు తిప్పింది. "ఉందండీ. 8.05 పాసింజరు, ఆరో స్టేషన్. కొండ మీద పాత లైట్‌హౌసు. కానీ గంట నడకని రాసుంది."

"గంటా! భేషుగ్గా ఉంది," అంది ఆవిడ. "చీటీ మీద మాత్రం పది నిమిషాలని రాయండమ్మా. మీ చేతిరాత చూపిస్తే గానీ ఆయన కదలరు."

"ఇంక అలా రాయలేనండీ," అంది ఎంక్వైరమ్మ. "ఈ పొద్దుటి నుంచే మానేశాను."

పెద్దావిడ మొహం చిన్నబోయింది. ఎంక్వైరమ్మ దొంతిలోంచి చీటీ తీసి, 8.05, ఆరో స్టేషన్, ఎడమవైపు దారి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసింది. చివర "నడక" అని రాసి, దాని పక్కన ఖాళీ వదిలేసింది. చీటీని కంతలోంచి అవతలికి తోసింది. దాని వెనకే తన పెన్సిల్ని కూడా తోసింది.